ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పల్నాటి యుద్ధం

సినిమా పండుగకి వాలంటీరుగా వెళ్ళినవాడు ఏడు రోజుల్లో ఎన్ని సినిమాలు చూస్తాడు? ఊహించండి చూద్దాం. ఇరవై? పది? పోనీ, అయిదు?

నేను చూసినవి ఒకటిన్నర!

ఆ ఒకటైనా గోడకి ఆనుకుని నిలబడి, ఒక కన్ను తెరమీద, రెండో కన్ను తలుపుమీద పెట్టి చూసిందే. ఇక ఆ అర సినిమా సంగతి చెప్పాలంటే ముందు ఒక ఆదివారం గురించి, ఆబిడ్స్ పేవ్‌మెంటు గురించి, మా అమ్మమ్మ గురించి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి. రీలు తెగినప్పుడు నేల క్లాసులో వేసినట్టు ఈలలు మాత్రం వేయకండేం!

మూడు ఊళ్ళు, ముగ్గురం

2013వ సంవత్సరం. నవంబరు 14 నుంచి 20 దాకా హైదరాబాదులో 18వ అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం. 1979లో బొంబాయిలో మొదలైన పండుగ అది. దాన్ని నడిపింది 1955లో పుట్టిన బాలల చిత్ర సమితి. ఉత్తమ చిత్రానికి ఇచ్చే బహుమతి బంగారు ఏనుగు. అందుకే పిల్లలందరికీ అది 'ఏనుగు పండుగ'. చాలాసార్లు ఆ పండుగకి హైదరాబాదే వేదిక అయింది.

అప్పటికి మేం ముగ్గురం హైదరాబాదులో చదువుకుంటున్నాం. ముగ్గురిదీ పల్నాడే. హాస్టల్లో అసలు పేర్లతో పిలిస్తే ఎవరూ పలికేవాళ్ళం కాదు. నన్ను 'పేట' అనేవాళ్ళు, నరసరావుపేట కాబట్టి. రెండోవాడు 'గురజాల'. మూడో మనిషి, మా క్లాసులో అందరికన్నా గట్టిగా నవ్వే అమ్మాయి, 'మాచర్ల'.

పల్నాటి కథ తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉండాలి. గురజాల, మాచర్ల అంటే ఇంకేముంది? అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు! మధ్యలో కోడిపందెం! మా వాళ్ళిద్దరూ టీకొట్టు దగ్గర సమోసా పంచుకున్నా కారెంపూడి రణరంగమే. "ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలిరా" అనేది మాచర్ల. "ముందు సమోసా వదులు తల్లీ" అనేవాడు గురజాల. నేను మధ్యవర్తిని. మధ్యవర్తికి సమోసా దొరకదని మీకు వేరే చెప్పాలా?

వాలంటీర్లు కావాలని కాలేజీ నోటీసు బోర్డులో కాగితం పెట్టగానే ముగ్గురం పేర్లిచ్చాం. ఎందుకంటే... నిజం చెప్పాలిగా, ఊరికే సినిమాలు చూడొచ్చని! దేశదేశాల సినిమాలు, మెళ్ళో బ్యాడ్జి, గేటు దగ్గర ఆపేవాడు లేడు. ఇంతకన్నా ఏం కావాలి?

"అన్నా, ఫైటింగు ఉందా?"

మొదటిరోజే తెలిసిపోయింది, బ్యాడ్జి ఉన్నవాణ్ణి గేటు దగ్గర ఆపరు గానీ, ఆ గేటు దగ్గరే నిలబెడతారని.

వాలంటీరు పనులేమిటో చెబుతాను వినండి. బస్సులు రాగానే పిల్లల్ని లెక్కపెట్టాలి. ఇద్దరిద్దర్ని జతచేసి వరసలో లోపలికి తీసుకెళ్ళాలి. పొట్టివాళ్ళని ముందు, పొడుగువాళ్ళని వెనక కూర్చోబెట్టాలి. దీపాలు ఆరగానే "అన్నా, ఒంటికి" అని లేచేవాళ్ళని టార్చిలైటుతో తీసుకెళ్ళి, మళ్ళీ వాళ్ళ సీట్లోకే చేర్చాలి. తప్పిపోయిన నీళ్ళసీసాల సొంతదారుల్ని వెతకాలి. ఆట అయ్యాక మళ్ళీ లెక్క. ఒక తల తగ్గితే గుండె ఆగిపోతుంది. ఆ తల ఎక్కడో సీటు కింద చెప్పు వెతుక్కుంటూ ఉంటుంది.

ఇంకొక పని కూడా నా మెడకి చుట్టుకుంది. సినిమాలు ఏవేవో భాషల్లో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. తెలుగు మీడియం పిల్లలకి ఎలా తెలుస్తుంది? అందుకని ఆట మొదలయ్యే ముందు తెరముందు నిలబడి ఆ కథ నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పేవాణ్ణి. ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు లెండి. పాత పాటల పుస్తకాలు చదివినవాణ్ణి కదా! కథ మంచి పట్టులో ఉండగా ఆపి "శేషం వెండితెర మీద!" అనేవాణ్ణి. హాలంతా హోరు.

ఒకరోజు ముందు వరసలోంచి ఓ బుడుగు లేచి అడిగాడు.

"అన్నా, ఫైటింగు ఉందా?"

"లేదురా."

"పాటలు?"

"లేవు."

"మరి సినిమా ఎట్టయిద్దన్నా?"

జవాబు చెప్పలేక దిగిపోయాను. గంటన్నర తర్వాత వాడే కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "కుక్కపిల్ల దొరికిందన్నా!" అన్నాడు. ఫైటింగూ పాటలూ లేకుండా సినిమా ఎలా అయిందో వాడికి తెలిసిపోయింది. నాకు తెలియలేదు. నేను తలుపు దగ్గరే ఉన్నానుగా!

శనివారం, 16వ తేదీ, ఇంకో తమాషా. బొంబాయి వాంఖడేలో సచిన్ ఆఖరి టెస్టు ముగిసి, ఆయన మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. వాలంటీర్లమంతా వరండాలో ఒకే సెల్‌ఫోను చుట్టూ మూగాం. లోపల పిల్లలు నవ్వుతున్నారు, బయట మేం ఏడుస్తున్నాం. సరే, అసలు విషయానికి వద్దాం.

అమ్మమ్మ అడిగిన పుస్తకం

శనివారం రాత్రి ఊరికి ఫోన్ చేశాను. అమ్మమ్మది కారెంపూడి దగ్గర పల్లె. "ఏం చేస్తన్నావురా అబ్బాయ్?" అంది. సినిమా పండుగ అని చెప్పాను.

"అట్టయితే నాకొకటి తెచ్చిపెట్టు. పల్నాటి యుద్ధం పాటల పుస్తకం. ఎన్టీ రామారావు, భానుమతిది కాదు, దానికి ముందుది. నాగేశ్వరరావు బాలచంద్రుడు వేసినది."

1966లో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా వచ్చిన 'పల్నాటి యుద్ధం' చాలామందికి తెలుసు. అమ్మమ్మ అడిగింది 1947 నాటి చిత్రం. మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) తీసిన గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు. సినిమా పూర్తికాకుండానే 1946లో ఆయన కన్నుమూశారు. మిగిలిన భాగం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, ఇరవయ్యేళ్ళు దాటిన కుర్రవాడు అక్కినేని బాలచంద్రుడు.

అమ్మమ్మకి అప్పుడు పదేళ్ళట. మూడు బళ్ళు కట్టుకుని డేరా సినిమాకి వెళ్ళారట. "మన యుద్ధం మనం చూడకపోతే ఎట్టా" అని ఊరు ఊరంతా కదిలిందట. ఆటలో వాళ్ళ నాన్న కొనిచ్చిన పాటల పుస్తకాన్ని అమ్మమ్మ బొట్టుపెట్టెలో దాచుకుంది. ఆడపిల్లని బడికి పంపని రోజులు. వాళ్ళన్నయ్య ఆ పుస్తకం మీద వేలుపెట్టి అక్షరాలు చూపిస్తే, పాట నోటికి వచ్చు గనక ఏ మాట ఎక్కడుందో పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది. మా అమ్మమ్మకి పెద్దబాలశిక్ష, ఓనమాలు, పలక అన్నీ ఆ పాటల పుస్తకమే! పెళ్ళిలో సామాను అటూ ఇటూ మారేటప్పుడు అది పోయింది.

ఇవన్నీ నాకు ఆ రాత్రే తెలిశాయి. ఇరవయ్యేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాను, ఒక్కసారీ అడగలేదు.

పేవ్‌మెంటు వేట

హైదరాబాదులో చదివినవాళ్ళకి ఆబిడ్స్ ఆదివారం గురించి చెప్పనక్కర్లేదు. ఆ రోజు పెద్ద షాపులకి సెలవు. మూసిన షట్టర్ల ముందు, పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. అటునుంచి కోఠీ వైపు నడిస్తే పాత గడియారాలు, కెమెరాలు, రికార్డులు, రేడియోలు. ఎవరింట్లోనో అటకమీద ముప్పయ్యేళ్ళు నిద్రపోయిన సామానంతా ఆదివారంనాడు లేచి రోడ్డుమీద కూర్చుంటుంది.

నవంబరు 17, ఆదివారం. మా డ్యూటీ మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఒంటిగంట ఆటకి మూడు వరసలు ఆపిపెట్టాలి. దూరం నుంచి ఒక ప్రభుత్వ హాస్టలు పిల్లలు అరవైమంది వస్తున్నారు. "తొమ్మిదింటికి వెళదాం, పదకొండుకల్లా తిరిగి వచ్చేద్దాం" అనుకున్నాం. అనుకున్నవన్నీ జరిగితే అది సినిమా అవుతుంది, జీవితం ఎలా అవుతుంది!

ముగ్గురివీ మూడు వేటలు. గురజాలకి హెచ్‌ఎంటీ జనతా వాచీ కావాలి, తాళం తిప్పే రకం. మాచర్లకి కుక్కబొమ్మ రికార్డు. నాకు పుస్తకం.

వేటకి వెళ్ళేవాళ్ళ కోసం మాకు తెలిసిన చిట్కాలు చెబుతాను, రాసిపెట్టుకోండి. వాచీ కొనేముందు తాళం పూర్తిగా తిప్పి చెవికి ఆనించి ఒక నిమిషం వినాలి. చప్పుడు మధ్యలో తడబడితే వదిలేయాలి. పాత 78 రికార్డులు లక్కతో చేసినవి. బరువెక్కువ, కిందపడితే పెంకులే. ఒకవైపు ఒక్క పాట, మూడు నిమిషాల పైచిలుకు, అంతే. ఎండకి ఏటవాలుగా పట్టి చూస్తే గీతలు కనిపిస్తాయి. ఇక పాటల పుస్తకం. వెల అణాల్లో ఉందా, నయాపైసల్లో ఉందా చూడండి. మన దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అణాల్లో ఉంటే దానికి ముందుదే అనుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద చిట్కా... కావలసిన వస్తువు కనిపించగానే మొహం వెలిగిపోనివ్వకండి. మొహం వెలిగిందా, వెల రెట్టింపు!

మాచర్లకి మిస్సమ్మ పాట రికార్డు దొరికింది. మూడొందలు. ఆ పిల్ల మొహంలో పెట్రోమాక్సు వెలిగినా అంతకే ఇచ్చాడంటే ఆ అమ్మేవాడు ఉత్తముడు. గురజాల వాచీ బేరం రెండొందల యాభై దగ్గర ఆగింది. "ఒక రౌండు తిరిగొస్తా" అన్నాడు. నా వంతు రాలేదు. విజయచిత్ర పాత సంచికలు దొరికాయి. 1986 జనవరిలో హైదరాబాదులోనే జరిగిన ఫిల్మోత్సవ్ నాటి కాగితాలు దొరికాయి. మేం పుట్టకముందు ఈ ఊళ్ళోనే ఎవరో మాలాంటి కుర్రాళ్ళు బ్యాడ్జీలు వేసుకుని తలుపుల దగ్గర నిలబడి ఉంటారు కదా అనిపించింది. పల్నాటి యుద్ధం మాత్రం లేదు.

పదకొండు దాటింది. "పోదాం పదండ్రా" అంటున్నాను. సరిగ్గా అప్పుడే మాచర్ల నా మోచెయ్యి గిల్లింది. వారపత్రికల దొంతర కింద, పసుపుపచ్చబడ్డ చిన్న పుస్తకం. పల్నాటి యుద్ధం!

మొహం వెలగనివ్వకూడదని మీకు చెప్పాను చూశారూ? నా మొహం శతదినోత్సవం నాటి సినిమాహాల్లా వెలిగిపోయింది.

"ఎంత చాచా?"

"పదిహేను వందలు."

"అట్టముక్క పుస్తకానికా?"

"అది కాగజ్ కాదు బాబూ, యాది. పెద్దోళ్ళు పోతే పిల్లలు కిలోల లెక్కన అమ్ముతున్నరు. వంద ఇళ్ళల్లో ఒక్క ఇంట్ల దొరుకుతది ఇసొంటిది."

ఆయన మాటలో అబద్ధం లేదు. తెలుగువాళ్ళ తొలి టాకీ 1932 నాటి భక్త ప్రహ్లాద. దాని ప్రింటు ఈనాడు మనకి లేదు. అలా పోయిన చిత్రాలు ఎన్నో. వాటిలో ఎవరు నటించారు, ఏ పాటలున్నాయి అన్నది తెలుస్తోందంటే ఇలాంటి పాటల పుస్తకాలవల్లా, పాత ప్రకటనలవల్లానే. పూనాలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవు రీళ్ళతోపాటు వీటిని కూడా ఏరికోరి దాస్తూ వచ్చింది.

పదిహేను వందలు వెయ్యికి దిగింది. చివరి కాగితం చిరిగి ఉండటం గురజాల కనిపెట్టాడు. నాగమ్మ వారసుడు కదా, బేరంలో వాడికి ఎదురులేదు! వెయ్యి ఏడొందలైంది, ఏడొందలు ఆరొందల యాభైకి వచ్చి ఆగింది. నా దగ్గర ఉన్నవి నాలుగొందలు. మాచర్ల దగ్గర మిగిలింది యాభై, అది బస్సుకి కావాలి.

గురజాల ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి వాచీ కోసం దాచిన రెండొందల యాభై తీసి చాచా చేతిలో పెట్టాడు. "మీ అమ్మమ్మ ఊరు ఏ పక్షంరా? మాచర్ల పక్షం కాదుగా?" అన్నాడు అంతే.

టైమెంతో చూద్దామంటే వాడి చేతికి వాచీ లేదు. మాచర్ల సెల్‌ఫోను తీసింది. పన్నెండు ఇరవై!

మూడు వరసలు

ఆటోవాళ్ళు రాలేదు. బస్సు ఎక్కి, దిగి, పరుగెత్తి, మేం హాలు మెట్లెక్కేసరికి ఒంటిగంటా పది.

మెట్లమీద పిల్లలు కూర్చుని ఉన్నారు. నీలం నిక్కర్లు, తెల్లచొక్కాలు. ఇరవై ఇద్దరు.

జరిగింది ఇదీ. మూడు వరసలు ఆపడానికి ఎవరూ లేరు. ముందుగా వచ్చినవాళ్ళు, దగ్గర్లోని స్కూళ్ళ పిల్లలు, కార్లలో వచ్చిన తల్లిదండ్రులు, ఖాళీగా ఉన్నాయి కదా అని కూర్చున్నారు. వాళ్ళ తప్పేముంది? అరవైమందిలో ముప్ఫయ్ ఎనిమిది మందిని అక్కడా ఇక్కడా సర్దారు. మిగిలినవాళ్ళు బయట.

మా ఇన్‌చార్జి మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వాళ్ళు ఇవాళ తెల్లవారుజామున నాలుగింటికి లేచారట" అని మాత్రం అని, లోపల ఇంకేమైనా సీట్లు ఖాళీ అవుతాయేమో చూడటానికి వెళ్ళిపోయింది.

ఒక పాప నా బ్యాడ్జి వంక చూసి అడిగింది. "సీట్లు అయిపోయినయ్యా సార్?"

నా సంచిలో ఆరొందల యాభై రూపాయల పుస్తకం ఉంది. మామూలు రోజైతే ఏదో సర్దిచెప్పేవాణ్ణి. ఆ రోజు నోరు పెగల్లేదు.

అప్పుడు మాచర్ల పిల్లల మధ్య కూర్చుని, నా సంచిలోంచి పుస్తకం లాగింది. "సినిమా లోపలే ఉండాలా ఏంటి? మేం ఇక్కడ ఆడిస్తాం చూడండి. ఇదిగో, వీడు గురజాల, నాగమ్మ. నేను బ్రహ్మనాయుడు!" అంది. పిల్లలు నవ్వారు. మీసాలు లేని బ్రహ్మనాయుడు, మీసాలున్న నాగమ్మ! నవ్వరూ మరి?

పుస్తకంలోని బొమ్మలు చూపిస్తూ కథ మొదలుపెట్టాం. కోడిపందెం వచ్చేసరికి ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేచి కోళ్ళయిపోయారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని నేను చెబుతున్నాను. ఇందాకటి పాప అడ్డొచ్చింది.

"అంటే మా హాస్టల్లో లాగానా సార్?"

"అవునమ్మా, మీ హాస్టల్లో లాగానే."

"మా హాస్టల్లో ఎవరన్నా ఆలస్యంగా వస్తే వాళ్ళకి పళ్ళెం తీసి పక్కన పెడతాం" అంది.

ఆ పాప నన్ను దెప్పాలని అనలేదు. తనకి తెలిసింది చెప్పింది, అంతే. కానీ ఆ మాట ఈరోజుకీ నా చెవుల్లో ఉంది. మాలపిల్ల తీసిన రామబ్రహ్మం పల్నాటి కథని ఎందుకు ఎంచుకున్నాడో అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు, నేనూ ఏ పుస్తకంలోనూ వెతకలేదు. ఆ మెట్లమీద మాత్రం నా మటుకు నాకు అర్థమైనట్టు అనిపించింది. సినిమాహాలు కూడా చాపకూడే. పక్కన కూర్చున్నది ఎవరని చీకట్లో ఎవరూ అడగరు. అయితే చాప దానంతట అది పరుచుకోదు. ఎవరో ఒకరు పరవాలి. ఆ రోజు పరవాల్సినవాణ్ణి నేను. ఆ టైములో నేను ఆబిడ్స్‌లో బేరమాడుతున్నాను.

సినిమా సగం అయ్యాక చిన్నపిల్లలు కొందరు అల్లరి చేస్తున్నారని తల్లులు బయటికి తీసుకొచ్చేశారు. మేడమ్ చెయ్యి ఊపింది. ఇరవై ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళి, సీట్లలో కొందర్ని, మెట్లమీద కొందర్ని కూర్చోబెట్టి, వాళ్ళతోపాటు నేనూ కూర్చున్నాను. అదే నేను చూసిన అర సినిమా.

తెరమీద ఒక పిల్లవాడు మంచులో ఒంటరిగా నడిచిపోతున్నాడు. పక్కనున్న పాప చెవిలో అడిగింది. "ఎందుకెళ్ళిపోతున్నాడు సార్? ముందేం జరిగింది?"

"నాకూ తెలీదమ్మా" అన్నాను. ఏడు రోజుల్లో నేను పిల్లలకి కథ చెప్పలేకపోయింది ఆ ఒక్కసారే.

సోమ, మంగళ, బుధవారాలు నేను తలుపు వదల్లేదు. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాను. ఆలస్యంగా వచ్చే ప్రతి బస్సుకీ వరస ఆపాను. ఒకసారి ఒకాయన "ఖాళీగానే ఉన్నాయిగా, కూర్చుంటే ఏం?" అని దెబ్బలాడాడు. "పళ్ళెం తీసి పక్కన పెట్టామండీ" అన్నాను. ఆయనకి నేను పిచ్చివాడిలా కనిపించి ఉంటాను.

అచ్చుతప్పు!

డిసెంబరు మొదటివారంలో కార్తీక అమావాస్యకి కారెంపూడి వీరుల తిరునాళ్ళ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు... అయిదు రోజుల ఉత్సవం. ముగ్గురం రాత్రి బస్సెక్కాం. మిర్యాలగూడ దాటి, వాడపల్లి వంతెన మీద కృష్ణ దాటేసరికి గురజాల నిద్రలోంచి లేచి "మన రాజ్యం వచ్చింది" అన్నాడు. దాచేపల్లి దగ్గర రోడ్డు గుంటలో బస్సు ఎగిరిపడింది. మాచర్ల రికార్డు ఫట్‌మని రెండు ముక్కలైంది. తిరునాళ్ళలో చూపిద్దామని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది పాపం! పిడుగురాళ్ళ దాకా ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ పిల్లే నవ్వింది. "పోన్లే, పాట నోటికి వచ్చుగా" అంది.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని, మొదటి పాట మీద వేలుపెట్టింది. పదేళ్ళ పిల్లలాగా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండో పాట దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. మొహం చిట్లించింది.

"ఏమ్మా?" అన్నాను.

"అరవై ఏళ్ళపైన పాడుతున్నా ఈ పాట. ఇక్కడ మాట వేరేగా ఉంది."

"నువ్వే తప్పుగా గుర్తుపెట్టుకున్నావేమో."

అమ్మమ్మ కళ్ళజోడు పైనుంచి నా వంక చూసింది. "నేనెందుకు తప్పు పాడతాను? అచ్చుతప్పు!"

ఆ మాటకి మా ముగ్గురికీ నవ్వాగలేదు. అమ్మమ్మా నవ్వింది. చిరిగిపోయిన చివరి కాగితం సంగతి మాత్రం అడగలేదు.

ఆ పుస్తకం ఆమె దిండు కిందే ఉండేది. 2014 జనవరి 22న అక్కినేని నాగేశ్వరరావు గారు పోయారని టీవీలో చెప్పినప్పుడు, అట్టమీదున్న దుమ్ము పమిటతో తుడిచి మళ్ళీ లోపల పెట్టిందట. ఆ సంగతి అమ్మ చెప్పింది.

ఇప్పటి మాట

ఆ తర్వాత 2017 నవంబరులో హైదరాబాదులో 20వ బాలల చిత్రోత్సవం జరిగింది. 2022లో బాలల చిత్ర సమితి, పూనా ఆర్కైవు రెండూ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయాయి. అదే 2022 ఏప్రిల్‌లో మా పల్నాడు కూడా గుంటూరునుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. "రాజధాని పేటకి పోయింది, గురజాలకీ లేదు, మాచర్లకీ లేదు" అని మావాళ్ళిద్దరూ నా మీద ఒక్కటయ్యారు. ఎనిమిది వందల ఏళ్ళు దాటాక రాజీ కుదిరిందన్నమాట!

మీ ఊళ్ళో కాలేజీ ఫిల్మ్ క్లబ్బు ఉన్నా, గోవాలో ఏటేటా జరిగే పెద్ద పండుగకి వెళ్ళే వీలున్నా, ఒక్కసారి వాలంటీరుగా పేరివ్వండి. ఆదివారం పేవ్‌మెంట్లు కూడా వదలకండి. అమ్మమ్మలున్నవాళ్ళు ఏ పుస్తకం కావాలో ముందు అడిగి మరీ వెళ్ళండి.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోవద్దు. డ్యూటీ పన్నెండున్నరకైతే పదింటికల్లా పేవ్‌మెంటు మీంచి లేవండి. చాచా వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వచ్చిన పిల్లలు మళ్ళీ రారు.

అవునూ, ఆ మంచులో పిల్లవాడు ఎందుకు వెళ్ళిపోయాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ సినిమా పేరు తెలుసు, వెతికితే దొరుకుతుంది కూడా. ఎందుకో గానీ, ఆ పాప లేకుండా మొదటి సగం చూడబుద్ధి కాలేదు.